హద్దురాయి దాటాక ఆ నీళ్లు ఎవరివి?

సంపాదకులకు,

చిత్తూరు–మల్లవరం మధ్య 140వ నంబరు జాతీయ రహదారి ఆరు వరుసలయ్యాక తిరుపతి ప్రయాణం ఎంత సులువైందో ఆ దారిన తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థను మెచ్చుకోవాల్సిందే. అయితే ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపు ఆ సంస్థ చేయించాల్సిన పని ఒకటుంది: రోడ్డు పక్క మట్టి అంచులు, రోడ్డు కింద నీళ్లు దాటే కల్వర్టులు శుభ్రం చేయించడం. దానికి కొత్త టెండరు అక్కర్లేదు, నేల చదును చేసే గ్రేడరు ఒకటి, జేసీబీ, నలుగురు కూలీలు చాలు.

ఆరు వరుసల రోడ్డులో ఒక వైపు బండ్లు నడిచే వెడల్పు 10.5 మీటర్లు. రెండున్నర శాతం వాలు ఇస్తారు కాబట్టి డివైడర్ అంచు కన్నా బయటి అంచు దాదాపు 26 సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. వాన నీళ్లు ఆ వాలున జారి, తారు పక్కనుండే మట్టి అంచు, అంటే బెర్మ్ మీదుగా పక్క కాలువలో పడాలి. బెర్మ్‌ను పట్టించుకోకపోతే దుమ్ము, గడ్డి పేరుకుని తారు కన్నా నాలుగు వేళ్ల ఎత్తు లేస్తుంది. ఇక అదొక చిన్న కట్టే. నీళ్లు అంచున నిలిచి లోపలికి దిగుతాయి, కంకరకు తారు పట్టు వదులుతుంది, లారీ చక్రం పడ్డప్పుడల్లా అడుగునున్న సన్న మట్టి బురదై పైకి చిమ్ముతుంది. గుంత పడ్డాక అందరం తారునే తిడతాం. బెర్మ్‌ను గీసి మూడు శాతం వాలు తెచ్చి ఉంటే సరిపోయేది.

కల్వర్టుల సంగతి ఇంకా పెద్దది. మన వైపు చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మొరవ (అలుగు) పారితే ఆ నీళ్లు వంకలో పడి కింది చెరువుకు చేరాలి. ఆ వంకకు అడ్డంగా రోడ్డు కట్ట ఉంది, నీళ్లకు మిగిలిన దారి కల్వర్టు ఒక్కటే. 1,200 మిల్లీమీటర్ల గొట్టంలో సగం ఎత్తు దాకా ఇసుక పూడితే సగం నీళ్లైనా పోతాయిలే అనుకుంటారు. పోవు. దారి సగమవుతుంది, దానికి తోడు ఒరిపిడి పెరుగుతుంది. లెక్క వేస్తే మూడో వంతుకు కాస్త ఎక్కువ పోతే గొప్ప. మిగతా నీళ్లు పైవైపు పొలాల్లోకి వెనక్కి తన్నుతాయి, లేదంటే రోడ్డు కట్టనే కోస్తాయి. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతి చుట్టుపక్కల వంకలు ఎలా వచ్చాయో ఎవరూ మరచిపోలేదు.

గొట్టం లోపల మాత్రం ఊడ్చి బిల్లు పెట్టుకుంటే లాభం లేదు. పైనా కిందా వంకలో కంప కొట్టి, లెవెలు చూసి నేల సరిచేయాలి. దిగువ నేల గొట్టం అడుగు కన్నా ఎత్తుంటే మొదటి వానకే మళ్లీ పూడుతుంది. తీసిన మట్టిని అక్కడే గట్టున పోసే అలవాటొకటి, అది తిరిగి ఎక్కడికి చేరుతుందో వేరే చెప్పాలా?

అసలు చిక్కు ఇక్కడే. రహదారి కాలువ హద్దురాయి దగ్గర ఆగిపోతుంది. అవతల వంక జలవనరుల శాఖది, మురుగు కాలువ పంచాయతీది. ఎవరి హద్దులో వాళ్లు శుభ్రం చేసినా మధ్యలో పది మీటర్లు మిగిలిపోతే చాలు, నీళ్లు ఆగిపోతాయి. సెప్టెంబరు లోపు ముగ్గురూ కలిసి ప్రతి కల్వర్టు దగ్గరా దిగి నడవాలి.

ఖర్చు మాటకొస్తే, ఈ రోడ్డు హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో వేసింది. ఖర్చులో 40 శాతం పని సాగుతుండగా ఇస్తారు, మిగతాది పూర్తయ్యాక 15 ఏళ్లపాటు వాయిదాల్లో. ఆ 15 ఏళ్ల నిర్వహణ భారం గుత్తేదారుదే. కల్వర్టుల వారీగా తేదీతో ఫొటోలు చూశాకే వాయిదా విడుదల చేస్తే పని దానంతటదే నడుస్తుంది.

ప్రజలు జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేసేటప్పుడు ‘ఊరి పక్క కల్వర్టు’ అంటే ఎవరికీ అర్థం కాదు. కల్వర్టు గోడ మీద 23/2 లాంటి అంకె ఉంటుంది, 23వ కిలోమీటరులో రెండోది అని. ఆ అంకె, రోడ్డు నంబరు, తిరుపతి వైపా చిత్తూరు వైపా అన్నది చెప్పండి.

– విశ్రాంత రహదారి ఇంజినీర్లు, తిరుపతి