భీమవరం వెళ్ళేముందు

బంగారూ,

ఫ్యామిలీ గ్రూపులో నీ మెసేజ్ చూశాను. ఈ సంక్రాంతికి కోడిపందేల బరి వేస్తే పోలీసులకు ఫోన్ చేస్తానన్నావట. మావయ్య నీకు జవాబివ్వలేదు గానీ, నాకు ఫోన్ చేసి అరగంట అరిచాడు.

నువ్వన్నదాంట్లో తప్పు లేదు. కోళ్ళను వినోదానికి కొట్లాడించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. కానీ మొదటిసారి దొరికితే జరిమానా ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయలు! మన చెన్నై పెరంబూరులో ఇద్దరు టీ తాగి బజ్జీలు తింటే అంతకన్నా ఎక్కువే అవుతుంది. లక్షలు కాసేవాడు దానికి భయపడతాడా?

ఆ చట్టం కోసం ముందు గొంతెత్తింది మన మద్రాసు ఆవిడే. కళాక్షేత్ర నాట్యపాఠశాల పెట్టిన రుక్మిణీదేవి రాజ్యసభలో సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే తెస్తుందని నెహ్రూ మాటిస్తే వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు గానీ చట్టం రాలేదు. 1962లో జంతు సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆవిడే. అంత ఓపిక నాకైతే లేదు.

ఓపిక లేకపోతే ఏమవుతుందో కూడా ఈ తమిళనాడులోనే చూశాం. గుళ్ళలో జంతుబలి కూడదని 1950 నాటి చట్టం ఒకటి ఉండేది. 2003లో జయలలిత దాన్ని గట్టిగా అమలు చేయమన్నారు. మా కులదైవం మొక్కు ఆపడానికి మీరెవరని ఊళ్ళు మండిపడ్డాయి. మరుసటి ఏడాది చట్టాన్నే ఎత్తేశారు. మేకలకు మిగిలిందేమిటి? జనం ఎటుంటే నాయకులు అటే. అందుకే ఓట్లడగడానికి ఎంపీ అభ్యర్థి వచ్చినప్పుడు ఆ యాభై రూపాయల సంగతి అడుగు. ఒక్కదానివే కాదు, నలుగురిని వెంటబెట్టుకుని అడుగు.

మన ఫ్లాట్స్‌లో దీపావళికి పదివేల వాలా ఎలా ఆగిందనుకున్నావ్? వీధి కుక్కలు వణికిపోతున్నాయని నేనంటే మీటింగులో నవ్వారు. మూడో అంతస్తు తాతగారు నా గుండె ఆగిపోతుందయ్యా అనేసరికి అందరూ ఊరుకున్నారు. పొద్దున ఆరు నుంచి ఏడు, రాత్రి ఏడు నుంచి ఎనిమిది అని ప్రభుత్వం పెట్టిన టైమే ఇప్పుడు ఇక్కడా రూలు. ఆయనకు కుక్కలంటే పడదు, అయినా నష్టమేముంది?

మావయ్య క్రూరుడేం కాదే. కనుమ నాడు ఎడ్లకు స్నానం చేయించి, కొమ్ములకు రంగులేసి, పొంగలి పెట్టాకే తను తింటాడు. పందెం పుంజుకు బాదంపప్పులు తినిపించేదీ ఆయనే, కత్తి కట్టించేదీ ఆయనే. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయో నాకూ అర్థం కాదు. పందేలు మానెయ్యమంటే వినడు. కొబ్బరితోట బరికి ఇవ్వొద్దని మాత్రం అడుగు. చోటు ఇవ్వడం కూడా నేరమేనని నెమ్మదిగా చెప్పు. ముందు అత్తయ్యతో మాట్లాడు. తోటలో ఆ తాగుడూ గోలా ఆవిడకు ఎప్పుడూ ఇష్టం లేదు.

గ్రూపులో మాత్రం ఇంకేం పెట్టకు. భోగికి రెండు రోజుల ముందే బెంగళూరు నుంచి ఇక్కడికి వచ్చెయ్, కలిసి వెళ్దాం. టికెట్లు మీ నాన్న చూస్తున్నారు.

అమ్మ