జూన్‌టీన్త్ పాఠంలో ఉత్తర్వు మొత్తం చదివించండి

సంపాదకులకు,

జూన్‌టీన్త్ అంటే టెక్సస్‌లో బానిసల విముక్తిని తలచుకునే జూన్ 19 పండుగ. అమెరికాలోని తెలుగు తరగతుల్లో దాని గురించి చెప్పాలనుకునే ఉపాధ్యాయులకు మా సూచనలివి.

‘అధ్యక్షుడు లింకన్ 1863 జనవరి 1నే బానిసల విడుదల ప్రకటించాడు, కబురు టెక్సస్ చేరేసరికి రెండున్నరేళ్లు పట్టింది’ అన్న ఒక్క మాటతో పాఠం పక్కదారి పడుతుంది. కబురు అందక కాదు. అక్కడి యజమానులకు ప్రకటన సంగతి తెలుసు. దాన్ని అమలు చేయించే యూనియన్ (లింకన్ ప్రభుత్వ) సైన్యమే అక్కడ లేదు. బానిసత్వం నిలుపుకోవాలని తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాలతో సాగిన అంతర్యుద్ధం ముంచుకొస్తుంటే లూసియానా వంటి రాష్ట్రాల యజమానులు తమ బానిసలను టెక్సస్‌కు తరలించారు కూడా. 1865 జూన్ 19న యూనియన్ సైన్యపు జనరల్ గోర్డన్ గ్రేంజర్ టెక్సస్ రేవుపట్నం గాల్వెస్టన్‌లో మూడో నంబరు సాధారణ ఉత్తర్వు జారీ చేశాకే అక్కడ మార్పు మొదలైంది. ఎందుకింత ఆలస్యమని పిల్లలడిగితే, ఆ ఆలస్యంతో ఎవరి పత్తి చేలు సాగాయో చెప్పాలి.

ఉత్తర్వులో ఉన్నవి నాలుగే వాక్యాలు. నలుగురేసి జట్లు కట్టించి, తలా ఒక వాక్యం ఇచ్చి, పది నిమిషాల్లో తెలుగు చేయమనండి. మొదటిది బానిసలందరూ స్వతంత్రులంటుంది. రెండోది హక్కుల్లో సంపూర్ణ సమానత్వం ప్రకటించి, ఇకపై ఉండేది యజమాని, కూలీల సంబంధమేనంటుంది. మూడోది ఉన్నచోటే నెమ్మదిగా ఉండి కూలికి పనిచేసుకోమంటుంది. సైనిక స్థావరాల దగ్గర గుమిగూడనివ్వం, ఊరికే కూర్చుంటే పోషించం అనేది నాలుగోది. మొదటి వాక్యం బోర్డు మీద రాసి ఆపేస్తే పండుగ మిగులుతుంది, చరిత్ర మిగలదు. అసలు ప్రశ్నలు చివరి రెండింటిలోనే ఉన్నాయి: తరతరాలుగా చేసిన చాకిరీకి కూలి ఎవరు కట్టిచ్చారు? వాళ్లు వెళ్లాలనుకుంటే భూమి ఎక్కడుంది?

అనువాదంలో ‘వెట్టి’ అన్న మాట వాడనివ్వకండి. వెట్టి దారుణమే. కానీ అమెరికాలో మనిషినీ, ఆమెకు పుట్టబోయే బిడ్డనూ చట్టమే ఆస్తిగా లెక్కగట్టి అమ్మనిచ్చింది.

తర్వాత పటం చూపించాలి. లింకన్ ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది. యూనియన్‌లోనే ఉన్న కెంటకీ, డెలావేర్‌లలో 1865 డిసెంబరు 6న బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ ఆమోదం పొందేదాకా బానిసత్వం చట్టబద్ధమే. పటం లేకపోతే జూన్ 19తో దేశమంతటా అంతమైందని పిల్లలు అనుకుంటారు.

వేలంపాట, సంకెళ్ల నాటకాలు మాత్రం వేయించవద్దు. అవి నిమిషంలో ఆటగా మారతాయి, నవ్వులొస్తాయి. వాటి బదులు, 1872లో హ్యూస్టన్‌లో విముక్తులు చందాలు వేసుకుని 10 ఎకరాలు కొని, ఈ పండుగ కోసం ఎమాన్సిపేషన్ పార్కు ఏర్పరచుకున్న సంగతి చెప్పండి.

టెక్సస్ బడులకు జూన్ 19 నాటికి వేసవి సెలవులు వచ్చేస్తాయి. కాబట్టి పాఠం మే నెలలోనే పెట్టుకోవాలి.

– కొందరు చరిత్ర ఉపాధ్యాయులు, హ్యూస్టన్