తూకానికి వేసే ముందు ఒక్క పరీక్ష

సంపాదకులకు,

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కాస్త కొత్త ప్రాసెసర్ తప్పనిసరి కావడంతో, నిక్షేపంగా పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌లు సైతం పాత సామాన్ల కొట్టుకు చేరుతున్నాయి. వాటిని వదిలించుకునే ముందు ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒకసారి నడిపి చూడాలని మనవి.

ఇందుకు హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఆ సిస్టమ్ మొత్తం ఇమిడి ఉండే ఐఎస్‌ఓ ఫైలును డౌన్‌లోడ్ చేసి, రూఫస్ వంటి ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి (ఊరికే కాపీ చేస్తే దాని నుంచి కంప్యూటర్ మొదలవదు), ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12 గానీ, ఎఫ్9 గానీ, ఆ కంపెనీ నిర్ణయించిన మరో మీట గానీ నొక్కితే వచ్చే జాబితాలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే చాలు; వైఫై, శబ్దం, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకుని, నచ్చకపోతే పెన్‌డ్రైవ్‌ను తీసేసి విండోస్‌లోకి వెళ్లిపోవచ్చు. ఉబుంటు సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలవనిచ్చే భద్రతా అమరిక) ఉండగానే నడుస్తుంది కాబట్టి, దాన్ని ఆపేయమనే వీడియోలను గుడ్డిగా అనుసరించరాదు. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న యంత్రంలో ఆ అమరిక మారిస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది దొరకనివారు తమ ఫైళ్లను కోల్పోయే ప్రమాదం ఉంది.

విండోస్ కోసం తయారైన లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ మీద ఆధారపడిన దుకాణదారులకు ఈ మార్గం అంతగా కుదరదు. పాఠశాలల సంగతి వేరు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి లినక్స్‌తోనే బోధిస్తున్నాయి. మన రెండు రాష్ట్రాల విద్యాశాఖలు కూడా ల్యాబ్‌లలోని పాత కంప్యూటర్లను వేలం వేయకముందే ఈ పరీక్షను తప్పనిసరి చేయాలి.

– ఒక పాఠకుడు, ఖమ్మం