రంగు చూసి పాము జాతి చెప్పలేం

ఎడిటర్ గారికి నమస్కారం,

రెండు జాతుల పాముల్ని కలిపితే పిల్లలకి తల్లి రంగు సగం తండ్రి రంగు సగం వస్తుందని చాలామంది అనుకుంటున్నారు, రెండు డబ్బాల పెయింట్ కలిపినట్టు. అలా జరగదండీ. కార్న్ స్నేక్ అని జనం పెంచుకునే ఒక అమెరికా పాము ఉంది, అందులో నారింజ రంగులో ఉండే అమెలనిస్టిక్ రకాన్నే తీసుకోండి, దాని ఒంట్లో నల్ల పిగ్మెంట్ అసలు తయారవదు, దాన్ని మామూలు రంగులో ఉండే గ్రేట్ ప్లెయిన్స్ ర్యాట్ స్నేక్ అనే ఇంకో జాతి పాముతో జత కలిపితే మొదటి తరంలో నారింజ పిల్ల ఒక్కటి కూడా పుట్టదు, అన్నీ గోధుమ రంగువే, బ్రీడర్లు వాటిని రూట్‌బీర్ అంటారు. కానీ ప్రతి పిల్లలోనూ నల్ల పిగ్మెంట్‌ని తయారవనివ్వని ఆ పాడైన జీన్ ఒక కాపీ దాక్కునే ఉంటుంది. అలాంటి రెండింటిని మళ్ళీ కలిపారనుకోండి, సగటున నాలుగింట ఒకటి పసుపు నారింజ కలిసిన రంగుతో బయటికొస్తుంది, దాని పేరు క్రీమ్‌సికిల్. కార్న్ స్నేక్‌లో ఈ తేడాకి కారణం ఓసీఏ2 అనే జీన్ అని 2015లో తేలింది, మనుషుల్లో ఒక రకం ఆల్బినిజం, అంటే ఒంట్లో రంగు సరిగ్గా తయారవకపోవడం, కూడా ఆ జీన్ వల్లే వస్తుంది. ఇంకో విషయం, వేరే వేరే జాతుల ఆల్బినో పాములు రెండింటిని కలిపినా, వాటిలో పాడైన జీన్లు వేరువేరైతే పిల్లలు మామూలు రంగులోనే పుడతాయి, ఎందుకంటే ఒకదాంట్లో లేనిది రెండోది ఇస్తుంది కాబట్టి.

ఒంటి మీద డిజైన్ సంగతి ఇంకా చిక్కు. అందులో చాలా జీన్ల పాత్ర ఉంటుంది, కార్న్ స్నేక్‌కి వీపు మీద మచ్చలు, కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌కి అడ్డ పట్టీలు, ఈ రెండింటి పిల్లల్ని జంగిల్ కార్న్ అంటారు, వాటిలో ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చినవి కూడా ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండొచ్చు. అసలు కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌లోనే పట్టీలున్నవీ, తల నుంచి తోక దాకా పొడుగు చార ఉన్నవీ రెండు జాతులని ఒకప్పుడు అనుకున్నారు, పాముల మీద పరిశోధన చేసిన లారెన్స్ క్లాబర్ అనే ఆయన ఒకే తల్లి గుడ్లలోంచి రెండు రకాలూ వస్తాయని చూపించాకే ఆ పొరపాటు తెలిసింది. ఒక్క జాతిలోనే ఇంత తేడా ఉంటే హైబ్రిడ్‌ని, అంటే రెండు జాతులు కలిసి పుట్టిన పాముని, చూపుతో ఎలా పట్టుకుంటాం?

నా బాధ ఇక్కడే. జంగిల్ కార్న్‌ని వరసగా మూడు తరాలు కార్న్ స్నేక్‌తోనే కలిపితే కింగ్ స్నేక్ వాటా సగటున పదహారో వంతుకి పడిపోతుంది, అప్పుడది చూడ్డానికి కార్న్ స్నేక్‌లాగే ఉండొచ్చు, కొనేవాడికి తెలిసే దారే లేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో బర్మీస్ కొండచిలువలే అనుకుని పట్టుకున్న దాదాపు 400 పాముల డీఎన్‌ఏ చూస్తే 13 పాముల్లో ఇండియన్ కొండచిలువ గుర్తులు దొరికాయని 2018లో బయటికొచ్చింది. పైకి చూసి ఎవరు చెప్పగలరు చెప్పండి?

హైబ్రిడ్లు చేయడమే తప్పని నేననను. కానీ అమ్మేవాళ్ళు తల్లిదండ్రుల జాతులు, ఎన్నో తరమో రాసి ఇవ్వాల్సిందే, ఆ కాగితం పాము చేతులు మారిన ప్రతిసారీ దానితోపాటు వెళ్ళాలి. మీలాంటి పత్రికలు కూడా అరుదైన రంగు పాము అని ఫోటో వేసేటప్పుడు దాని తల్లీ తండ్రీ ఏ జాతో అడిగి ఆ రెండు ముక్కలూ కింద వేయండి, దయచేసి.

ఇట్లు,
మీ పాఠకుడు