రాగం కన్నా ముందు నడక

విజయనగరం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

‘నువ్వు కట్టే ఈ పాటలు నీకెక్కడి నుంచి వచ్చాయిరా’ అని అడిగావు కదా. రెండు రోజులుగా నాకు అదే ఆలోచన.

మొదట అమ్మ దగ్గర్నుంచే. ధనుర్మాసంలో తెల్లారకముందే కళ్లాపి చల్లి, ముగ్గులో గొబ్బెమ్మలు పెట్టి, గుమ్మడిపూలు గుచ్చి, అక్కల చేత ‘కొలని దోపరికి గొబ్బిళ్లో’ పాడించేది. నేను దుప్పట్లోంచే వినేవాణ్ణి. అది అన్నమయ్య పాటని కాలేజీలో చేరాక గానీ తెలీలేదు. 1503లో కన్నుమూసిన మనిషి మా వాకిట్లో ఉన్నాడన్నమాట! ఆయన పాటల రాగిరేకులు తిరుమల గుడిలో ఒక అరలో ఎన్ని వందల ఏళ్లు పడి ఉన్నాయో నీకు తెలుసు. ఆడపిల్లలు గొబ్బి తట్టే పాటని కూడా స్వామికి కట్టాడంటే, జనం నోటికి ఎంత దగ్గరగా చెవి పెట్టి ఉంటాడు!

తర్వాత సీతారామశాస్త్రి గారు. 1986లో ‘సిరివెన్నెల’ పాటల క్యాసెట్ అరిగేదాకా విన్నాం, గుర్తుందా? సినిమా పాటలో అంత ఆలోచన పట్టించవచ్చని అప్పుడే తెలిసింది. 2021 నవంబర్‌లో ఆయన పోయినరోజు అన్నం సహించలేదు.

కానీ నాకు పాట కట్టడం నేర్పింది మన ఊరి గురజాడే. 1910 నాటి ‘గుత్తునా ముత్యాల సరములు’ మాత్రలు, అంటే అక్షరాలు పలికే వ్యవధి, వేళ్ల మీద లెక్కపెట్టి చూడు. మూడు, నాలుగు, మూడు, నాలుగు. మిశ్రచాపు తాళం నడక కూడా ఇదే, మూడూ నాలుగూ కలిపి ఏడు. ఈ సంగతి తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు. అంతకుముందు నేను మాటలు రాసి, తర్వాత వాటిని ట్యూన్‌లో ఇరికించేవాణ్ణి. ఇప్పుడు ముందు తొడ మీద దరువు వేస్తాను.

మొన్నటి పాట చూడు. మొదట ‘వర్షం ఆగిన వీధి చివరన’ అని రాశాను. ‘వర్షం’ నాలుగు మాత్రలు, మూడు ఉండాల్సిన చోట. తాళం అక్కడే తట్టుకుంది. ‘వర్షమాగిన’ అని కలిపితే లెక్క సరిపోయింది గానీ, మన ఇళ్లల్లో అలా ఎవరంటారు? నాయనమ్మ గుమ్మంలో నిలబడి, చెయ్యి బయటికి చాపి, ‘వాన వెలిసిందర్రా’ అనేది. అంతే, దొరికింది:

వాన వెలిసిన వీధి చివరన
దీపమొక్కటి నిలిచి ఉన్నది

ఆ ‘వెలిసిన’ అన్న మాట పాడుతుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆవిడ చెయ్యే కనిపిస్తుంది.

చరణం ఇంకా కుదరలేదు. దీపం ఎవరు పెట్టారో చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నాను. సంక్రాంతికి వస్తావుగా, హార్మోనియం తెచ్చుకో. ఈలోగా ఈ రెండు లైన్లకీ ఏదైనా రాగం తోస్తే ఫోన్‌లో పాడి పంపు. ఆనందభైరవి అనుకుంటున్నాను. నువ్వేమంటావ్?

పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
బావ