మిన్నప్ప కింద పెట్టిన చుక్క

ఇస్కపల్లి, నెల్లూరు జిల్లా

చి. సౌ. అమ్మాయికి నాయన దీవించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న ఫోనులో నీ కొడుకు అడిగిన ప్రశ్నకు జవాబు దొరక్క, ఉత్తరం వ్రాస్తానని చెప్పి తప్పించుకున్నాను. "ఆకాశంలో చుక్కలు పెట్టిన మిన్నప్ప, చివరి చుక్కను, అదే ధ్రువ నక్షత్రాన్ని, ఎత్తలేక కిందనే పెట్టాడన్నావు కదా తాతా, మరి ఢిల్లీలో మా మిద్దె మీది నుంచి చూస్తే అది అంత ఎత్తున ఎందుకుంది?" అన్నాడు. ఆ కథ నేను కల్పించిందే. నీ చిన్నతనంలో తాటాకు కప్పిన ఉప్పు కుప్పల దగ్గర రాత్రిపూట కాపలా ఉంటూ, నువ్వు భయపడకుండా ఉండాలని రోజుకింత చొప్పున చెప్పాను. అయితే నీకు చెప్పిన ముగింపు సరైనది కాదని వాడు అడిగిన తరువాతే తెలిసింది. అందుకే మొదటి నుంచి వ్రాస్తున్నాను.

నీలవాడ అనే లోకంలో ఆకాశం కూడా సముద్రమే. దానిలో వెలుగు లేదు కనుక రాత్రి వేటకు వెళ్ళిన పడవలు ఒడ్డు తెలియక తిరిగి వచ్చేవి కావు. ఆ జాలర్ల ఇళ్ళలోని ఆడవాళ్ళ ఏడుపు విన్న మిన్నప్ప, ఆకాశపు నీటికి గట్లు వేసి మళ్ళు కట్టాడు. మన ఉప్పు మళ్ళకు ఎండ ఉంది, ఆయనకు లేదు. నీటిని ఇగర్చడానికి తన ఒంట్లోని వేడినే ధారపోయవలసి వచ్చింది. మన సముద్రపు నీళ్ళు లీటరు తీసుకుంటే 35 గ్రాముల ఉప్పు మిగులుతుంది, ఆయన ఆకాశపు నీళ్ళు మాత్రం మడి మడంతా ఇగిరితే వెలిగే చుక్క ఒక్కటి మిగిలేది.

ఉప్పు పట్టే ఘడియ నీకు గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం గాలి ఆగినప్పుడు నీటి మీద పల్చటి మీగడలాంటి పొర కడుతుంది, దానిలో ఆవగింజంత పలుకులు తేలుతూ కనిపిస్తాయి. ఒకదాన్ని అరచేతిలో వేసుకుని చూస్తే నాలుగు పలకలుగా, ఎవరో కొలిచి కోసినట్టుగా ఉంటుంది. అది చూసే, చుక్కలు తళుక్కుమనేది వాటి మూలలు తిరిగినప్పుడేనని నీకు చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నాకు ఇష్టం.

మిన్నప్ప ఒక్కొక్క చుక్కను పొడవాటి కర్రపలకతో బలంగా నెట్టాడు. ఆ ఊపుకే అవి ఇప్పటికీ తిరుగుతున్నాయి. పిల్లలకోడి అనే చుక్కల గుంపును మాత్రం, విడదీయడానికి మనసొప్పక, ఒకే తోపుతో కలిపి నెట్టాడు. చివరి చుక్క వచ్చేసరికి ఆయన ఒళ్ళు మంచులా చల్లబడింది. కర్ర పట్టే సత్తువ లేక, దాన్ని ఉత్తరాన, తన చేతికి అందినంత ఎత్తులో మెల్లగా పెట్టాడు. నెట్టలేదు కనుక అది కదలదు.

ఇక్కడి నుంచి చూస్తే ధ్రువ నక్షత్రం దిగంతానికి సుమారు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఒకటిన్నర పిడికిలి. అంత కిందుగా ఉండబట్టే నాకు ఈ కథ పుట్టింది. ఆ తరువాత మిన్నప్ప ఏమయ్యాడని నువ్వు అడిగినప్పుడు, చలికి చనిపోయాడన్నాను. నువ్వు వెక్కి వెక్కి ఏడిస్తే, నిద్రపోయాడని మాట మార్చాను. రెండూ తప్పే తల్లీ.

జరిగింది ఇది. ఆయన ఆ చుక్క కిందే చలికి ముడుచుకుని పడుకున్నాడు. ఒడ్డుకు చేరిన జాలర్లు ఆ సంగతి తెలుసుకుని, కుండల్లో నిప్పులు పెట్టుకుని ఆయనకు చలి కాచడానికి ఉత్తరదిక్కుకు బయలుదేరారు. తరాల తరబడి నడుస్తూనే ఉన్నారు. వాళ్ళు ఒక్కొక్క ఊరు దాటుతున్నకొద్దీ, నిప్పు సెగ తగిలి, మిన్నప్ప చేయి కొంచెం కొంచెంగా పైకి లేస్తున్నది, చేతితో పాటు చుక్కా లేస్తున్నది. మన లోకంలోనూ ఉత్తరానికి వెళ్ళేకొద్దీ ధ్రువుడి ఎత్తు పెరుగుతుంది. ఢిల్లీలో 28 డిగ్రీల పైమాటే. నీ కొడుకుకు అది ఎత్తుగా కనిపించింది వాడు ఆ దారిలో మనకంటే ముందున్నాడు కనుకనే.

మంచు తెరిపి ఇచ్చిన రాత్రి వాణ్ణి మిద్దె మీదికి తీసుకెళ్ళి, పిడికిళ్ళతో కొలిపించు. నీ పిడికిలితో కాదు, వాడి చేయి చాపించి వాడి పిడికిలితోనే. చిన్న చేతికి చిన్న పిడికిలి కనుక లెక్క ఇంచుమించు సరిపోతుంది. ఎన్ని వచ్చాయో వాడి చేతనే వ్రాయించి పంపు.

ఇట్లు, ఆశీస్సులతో
నాయన