సముద్ర కాలుష్యంపై యువ చిత్రకారిణి వేసిన చిత్రం గురించి

సభ్యులందరికీ నమస్కారం.

నిన్న గ్రూపులో పంచుకున్న చిత్రాన్ని దయచేసి పెద్దది చేసి మరోసారి చూడండి. నీటిలో తేలుతున్న ప్లాస్టిక్ సంచి అంచులను ఆ యువ చిత్రకారిణి వెలుగు చొరబడేంత పలుచగా, అచ్చం జెల్లీచేపలా వేయడం వల్ల, ఎదురుగా నోరు తెరిచి వస్తున్న తాబేలు ఎందుకు పొరబడుతుందో మన కంటికే తెలిసివస్తుంది.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం కింది భాగం. అక్కడ ఇసుకలా కనిపించే రంగు చుక్కలు ఎండకూ అలలకూ పెళుసుబారి విరిగిన ప్లాస్టిక్ తునకలు. 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవైన ఈ మైక్రోప్లాస్టిక్‌లు కంటికి ఆనకపోయినా నీటిలోనే ఉండిపోతాయి.

వెనుక వేలాడుతున్న తెగిన వలను కూడా గమనించండి. పసిఫిక్ మహాసముద్రంలో హవాయి, కాలిఫోర్నియాల మధ్య పోగైన ప్లాస్టిక్ చెత్త బరువులో కనీసం 46 శాతం చేపల వలలదేనని 2018లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఈ అంశంపై వేసే చిత్రాలు తరచూ సీసాల దగ్గరే ఆగిపోతాయి కనుక, ఈమె వలను మరువకపోవడం నాకెంతో సంతోషం కలిగించింది.

పైభాగంలోని నీలం మరీ ప్రశాంతంగా ఉందన్న అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. ఒడ్డున నిలబడినవారికి సముద్రం అలాగే కనిపిస్తుంది. మీ అభిప్రాయాలను ఇక్కడే రాయండి, ఆమెకు చేరవేస్తాను.